ల్యాప్‌టాప్ ఎంపిక: ఖమ్మం - భద్రాచలం మన్యం అంచున

ల్యాప్‌టాప్‌లను తయారీ సంస్థలు రెండు శ్రేణులుగా అమ్ముతాయి. కంపెనీలు, ప్రభుత్వ కార్యాలయాలు వందల సంఖ్యలో ఒకేసారి కొనేందుకు తయారయ్యేది బిజినెస్ శ్రేణి. షోరూముల్లోనో ఆన్‌లైన్‌లోనో ఒక్కొక్కరు తమ ఇంటి కోసం కొనుక్కునేది కన్స్యూమర్ శ్రేణి. ఐబీఎం 1992లో మొదలుపెట్టి, 2005లో లెనోవో చేతికి వెళ్లిన థింక్‌ప్యాడ్, డెల్ ల్యాటిట్యూడ్, హెచ్‌పీ 2008లో తెచ్చిన ఎలైట్‌బుక్, ఆ తర్వాత వచ్చిన ప్రోబుక్ మొదటి కోవలోవి. ఐడియాప్యాడ్, ఇన్‌స్పిరాన్, పెవిలియన్, ఆస్పైర్, వివోబుక్ రెండో కోవలోవి. డెల్ 2025 జనవరిలో పాత పేర్లను పక్కనపెట్టి డెల్, డెల్ ప్రో అన్న కొత్త పేర్లు ప్రకటించింది కానీ విభజన అలాగే ఉంది. పెట్టె మీద రాసే వివరాలు చూస్తే రెంటికీ పెద్ద తేడా కనిపించదు. ప్రాసెసర్లు చాలావరకు అవే, ర్యామ్ అదే, ఎస్ఎస్‌డీ అదే. తేడా అంతా పెట్టె మీద రాయని చోట ఉంటుంది: చట్రం దేనితో చేశారు, మిషన్‌ను విప్పడం ఎంత సులువు, విడిభాగాలు ఎన్నేళ్లు దొరుకుతాయి, వారంటీ కాగితంలో ఏ మాట ఎలా రాసి ఉంది. హైదరాబాద్‌లో ఉండేవారికి ఈ తేడాలు చిన్నవి. ఖమ్మం దాటి కొత్తగూడెం, పాల్వంచ, భద్రాచలం మీదుగా దుమ్ముగూడెం, చర్ల అడవుల దాకా సాగే ప్రాంతంలో మాత్రం మిషన్ రెండేళ్లు పనిచేస్తుందా, ఏడేళ్లు పనిచేస్తుందా అన్నది ఇవే తేలుస్తాయి.

ఈ ప్రాంతంలో ల్యాప్‌టాప్ ఎవరి చేతిలో ఉంటుందో ముందు చూడాలి. ఖమ్మం మిర్చి మార్కెట్లో అడ్తీదారుల గుమాస్తాలు ట్యాలీలో లెక్కలు రాసుకుంటారు. ఊళ్లలో మీసేవ కేంద్రాల నిర్వాహకులు సర్టిఫికెట్లు, పహాణీ నకళ్లు తీసిస్తారు. పంచాయతీ కార్యదర్శులు గ్రామ ఖాతాలను పోర్టల్‌లో ఎక్కిస్తారు. భద్రాచలం ఐటీడీఏ (సమగ్ర గిరిజనాభివృద్ధి సంస్థ) పరిధిలోని ఆశ్రమ పాఠశాలల్లో, గురుకులాల్లో హాజరు, సరుకుల పట్టీలు, విద్యార్థుల వివరాలు రోజూ ఏదో ఒక పోర్టల్‌కు చేరాల్సిందే. 2006 నాటి అటవీ హక్కుల చట్టం కింద పోడు దరఖాస్తుల విచారణ, సర్వే రికార్డులు కూడా కాగితం మీద మొదలై కంప్యూటర్‌లోకి చేరేవే. సింగరేణి ప్రధాన కార్యాలయం కొత్తగూడెంలో ఉంది, మణుగూరులో ఓపెన్‌కాస్ట్ గనులు, భారజల కర్మాగారం ఉన్నాయి, సారపాకలో ఐటీసీ కాగితం మిల్లు ఉంది. వీటి చుట్టూ పనిచేసే చిన్న కాంట్రాక్టర్లంతా బిల్లులు, టెండర్లు ఆన్‌లైన్‌లోనే వేస్తారు. ఈ పనుల్లో దేనికీ గొప్ప వేగం అక్కర్లేదు. బ్రౌజరు, ఎక్సెల్, ట్యాలీ, ఒక ప్రింటరు, వేలిముద్రల పరికరం, డిజిటల్ సంతకం టోకెన్ ఉంటే చాలు. కానీ మిషన్ ఆగిపోతే పని అక్కడికక్కడే ఆగిపోతుంది. కుల ధ్రువీకరణ పత్రం కోసం పాతిక కిలోమీటర్లు వచ్చిన కోయ కుటుంబం మళ్లీ వెనక్కి పోవాలి. ఈ వ్యాసం వాదన ఇదే: ఇక్కడ ల్యాప్‌టాప్ కొనేటప్పుడు మొదట అడగాల్సింది దాని వేగం గురించి కాదు, పాడైతే ఎక్కడ, ఎవరు, ఎన్ని రోజుల్లో బాగుచేస్తారన్నది. ఆ ప్రశ్నకు బిజినెస్ శ్రేణి ఎక్కువసార్లు మెరుగైన జవాబిస్తుంది, అయితే ఎప్పుడూ కాదు.

దూరం సంగతి ముందు. ఖమ్మం నుంచి భద్రాచలం రోడ్డు మార్గాన దాదాపు 120 కిలోమీటర్లు, అక్కడి నుంచి చర్ల మరో 60. భద్రాచలం రోడ్ అన్న రైల్వేస్టేషన్ పేరు చూసి టికెట్ తీసుకున్నవారు దిగేది కొత్తగూడెంలో. భద్రాచలం రాముడి గుడి అక్కడికి 40 కిలోమీటర్ల అవతల, గోదావరి దాటాక ఉంది. ల్యాప్‌టాప్ వారంటీలో కనిపించే 'ఆన్‌సైట్' అన్న మాటను కూడా ఇంతే జాగ్రత్తగా చదవాలి. బిజినెస్ మోడళ్లకు తరచుగా మూడేళ్ల ఆన్‌సైట్ సర్వీసు, మర్నాటి పనిదినానికే ఇంజినీరు వస్తాడన్న హామీ ఉంటాయి. అయితే షరతుల్లో 'ఆ సదుపాయం ఉన్న ప్రాంతాల్లో' అన్న మినహాయింపు కూడా ఉంటుంది, అది తేలేది పిన్‌కోడ్‌ను బట్టి. ఖమ్మం పట్టణానికి ఉన్న సదుపాయం దుమ్ముగూడేనికి ఉండాలని లేదు. కన్స్యూమర్ మోడళ్లకు మామూలుగా ఒక్క ఏడాది వారంటీ, చాలాసార్లు మిషన్‌ను మనమే సర్వీస్ సెంటరుకు మోసుకుపోవాలి. దీనికి తోడు వానాకాలం. భద్రాచలం దగ్గర గోదావరి 43 అడుగులకు చేరితే మొదటి ప్రమాద హెచ్చరిక, 48కి రెండోది, 53కి మూడోది. 2022 జులైలో నీటిమట్టం 71.3 అడుగులకు చేరింది, 1986 ఆగస్టులో 75.6 అడుగులకు. నీళ్లు రోడ్లెక్కినప్పుడు ఇంజినీరు రాడు, కొరియరూ రాదు. 2014లో పోలవరం ముంపు పేరిట చింతూరు, కూనవరం, వీఆర్ పురం వంటి మండలాలు ఆంధ్రప్రదేశ్‌కు వెళ్లడంతో భద్రాచలం పట్టణం చుట్టూ రాష్ట్ర సరిహద్దు పడింది. జనం మాత్రం మందులకైనా రిపేరుకైనా భద్రాచలమే వస్తారు. కాబట్టి ఇక్కడ వారంటీ విలువ దాని సంవత్సరాల లెక్కలో లేదు, పిన్‌కోడ్ చెప్పి సర్వీసు విధానాన్ని రాతపూర్వకంగా ఖాయం చేసుకోవడంలో ఉంది. వారంటీ ముగిశాక మిగిలేది ఊళ్లోని రిపేరు షాపు ఒక్కటే.

ఆ షాపులో టేబుల్ మీదికి వచ్చే మిషన్లను చూస్తే రెండు శ్రేణుల తేడా కళ్లకు కడుతుంది. చవక రకం కన్స్యూమర్ ల్యాప్‌టాప్‌లో మొదట పోయేది తరచుగా హింజ్. తెర పట్టీని కింది భాగానికి కలిపే ఈ ఉక్కు కీలును ప్లాస్టిక్ ప్యానెల్‌లోకి వేడితో దిగ్గొట్టిన చిన్న చిన్న ఇత్తడి నట్లకు స్క్రూలతో బిగిస్తారు. రెండేళ్లు తెరిచి మూసేసరికి కీలు బిగుసుకుంటుంది, ఆ ఒత్తిడంతా ప్లాస్టిక్ మీద పడుతుంది, ఒకరోజు మూత తెరవగానే ఇత్తడి నట్టు ప్లాస్టిక్ ముక్కతో సహా ఊడివస్తుంది. తెర అంచు విచ్చుకుంటుంది, లోపలి డిస్‌ప్లే కేబుల్ నలుగుతుంది. మెకానిక్ ఎరాల్డైట్ పెట్టి అతికిస్తాడు, అది కొన్ని నెలలు ఆగుతుంది. ల్యాటిట్యూడ్, థింక్‌ప్యాడ్ వంటివాటిలో కీలు ఎక్కువగా లోహపు చట్రానికో, మెగ్నీషియం మిశ్రలోహపు ప్యానెల్‌కో బిగిసి ఉంటుంది కనుక ఈ జబ్బు తక్కువ. కీబోర్డు సంగతీ అంతే. చాలా కన్స్యూమర్ మోడళ్లలో కీబోర్డును పై ప్యానెల్‌కు ప్లాస్టిక్ బొడిపెలు కరిగించి అంటిస్తారు. ఒక్క మీట పోయినా మిషన్ మొత్తం విప్పి, షాపువాళ్లు సీ ప్యానెల్ అనే ఆ భాగమంతా మార్చాలి. 2018లో వచ్చిన థింక్‌ప్యాడ్ టీ480లో కింది నుంచి రెండు స్క్రూలు వదులు చేస్తే కీబోర్డు జరిగి పైకి వచ్చేస్తుంది. దాని అడుగున నీళ్లు కిందికి కారిపోయే దారులు కూడా ఉంటాయి. టీ గ్లాసు ఒలికినప్పుడు వాటి విలువ తెలుస్తుంది. కింది మూత స్క్రూలు ఊడి పడిపోకుండా మూతకే అంటిపెట్టుకుని ఉండటం చిన్న విషయమే. కానీ నాలుగుసార్లు విప్పి బిగించాల్సిన మిషన్‌కు అది ఆయుష్షు పోస్తుంది. చాలా కన్స్యూమర్ మోడళ్లలో కొన్ని స్క్రూలు రబ్బరు పాదాల కింద దాక్కుంటాయి, మూతను పట్టుకునే క్లిప్పులు తరచుగా మొదటిసారి విప్పినప్పుడే విరుగుతాయి.

విప్పగలగడం ఒక ఎత్తు, విప్పాక వేయడానికి ముక్క దొరకడం ఇంకో ఎత్తు. బిజినెస్ మోడళ్లకు తయారీ సంస్థలు స్క్రూ సైజులతో సహా విప్పే క్రమం చెప్పే సర్వీసు మాన్యువల్‌ను ఎవరైనా దింపుకునేలా ఇంటర్నెట్‌లో ఉంచుతాయి. కొత్తగూడెంలోని కుర్రవాడు ఆ పీడీఎఫ్ తెరిచి బొమ్మలు చూస్తూ పని నేర్చుకోవచ్చు. ముక్కలు దొరకడానికి కారణం మాత్రం మరొకటి. గచ్చిబౌలి, హైటెక్ సిటీ కంపెనీలు ఒకే మోడల్‌ను పెద్దసంఖ్యలో లీజుకు తీసుకుంటాయి, మూడు నాలుగేళ్లకు అవన్నీ ఒకేసారి బయటికి వస్తాయి. కొన్ని బాగుపడి అమ్మకానికి వెళ్తాయి, బాగుకానివి విడిభాగాల గనులవుతాయి. సికింద్రాబాద్ ప్యారడైజ్ దగ్గర సీటీసీ అని అందరూ పిలిచే చినాయ్ ట్రేడ్ సెంటర్‌లో ఎలైట్‌బుక్ 840 డిస్‌ప్లే కావాలన్నా, ల్యాటిట్యూడ్ 5490 మదర్‌బోర్డు కావాలన్నా దొరికే అవకాశం ఎక్కువగా ఉండేది అందుకే. రాత్రి బస్సు పార్శిల్‌లో వేస్తే పొద్దున్నకు ఖమ్మం చేరుతుంది. కన్స్యూమర్ శ్రేణిలో ఒకే పేరుతో ఏటా పది రకాల ప్యానెళ్లు, బోర్డులు మారుతుంటాయి. రెండేళ్ల తర్వాత సరిగ్గా అదే ముక్క వెతకడం కష్టం. బిజినెస్ శ్రేణికి మన్యం అంచున ఉన్న అసలు బలం హైదరాబాద్ ఐటీ కంపెనీల కొనుగోలు అలవాటే అనడం అతిశయోక్తి కాదు.

ఇక వేడి. ఈ విషయంలో బిజినెస్ పేరు ఎంతమాత్రం రక్షణ కాదని గట్టిగా చెప్పాలి. వేసవిలో ఖమ్మం, కొత్తగూడెం, భద్రాచలం 45 డిగ్రీలను తాకుతుంటాయి, రేకుల కప్పు కింద ఉన్న సెంటర్లలో ఇంకా ఎక్కువ. రెండు శ్రేణుల స్పెసిఫికేషన్లు తెరిచి చూస్తే పనిచేసే ఉష్ణోగ్రత గరిష్ఠంగా 35 డిగ్రీలనే మామూలుగా రాసి ఉంటుంది. ప్రాసెసర్ తనను తాను నెమ్మదింపజేసుకునే హద్దు దాదాపు 100 డిగ్రీలు. గది 25 డిగ్రీలుంటే వేడిని బయటికి నెట్టడానికి 75 డిగ్రీల వ్యత్యాసం ఉంటుంది, గది 42 ఉంటే 58 మాత్రమే. అదే ఫ్యాను, అదే హీట్‌సింక్ దాదాపు నాలుగో వంతు తక్కువ వేడిని తోడగలవన్నమాట. అందుకే షోరూము ఏసీలో చురుగ్గా కనిపించిన శక్తిమంతమైన ప్రాసెసర్ మే నెలలో చర్లలో ఈడుస్తుంది. ఇక్కడి పనులకు 15 వాట్ల తరగతి ప్రాసెసరే మంచిది. మిల్-స్టాండర్డ్ 810 పరీక్ష నెగ్గిందన్న ప్రకటనను కూడా తూచి చూడాలి. అది 1962 నుంచి ఉన్న అమెరికా రక్షణశాఖ పరీక్షా పద్ధతుల సంకలనం, 2019లో 810హెచ్ కూర్పు వచ్చింది. అందులోని ఏ పరీక్షలు, ఏ తీవ్రతతో చేయాలో తయారీదారే ఎంచుకుంటాడు, నెగ్గిందని ముద్ర వేసే అధికారిక సంస్థంటూ లేదు. ఇప్పుడు చాలా కన్స్యూమర్ మోడళ్లు కూడా ఆ ముద్రతోనే అమ్ముడవుతున్నాయి. ఆ ప్రకటన చూసి మిషన్ మన ఎండకు తట్టుకుంటుందని నమ్మితే నిరాశ తప్పదు.

వేడి కంటే మొండిది దుమ్ము. మిర్చి యార్డు పక్క గదిలో పనిచేసే ల్యాప్‌టాప్ విప్పితే ఫ్యాను రెక్కల మీద ఎర్రటి సన్నని పొడి, హీట్‌సింక్ రాగి పలకల ముందు దుప్పటిలా అల్లుకున్న పీచు కనిపిస్తాయి. విప్పినవాడికి తుమ్ములు ఆగవు. ఇల్లెందు, మణుగూరు వైపు అదే చోట నల్లటి బొగ్గు ధూళి. గాలి దారి మూసుకుపోతే ప్రాసెసర్ ఏదైనా ఒకటే, మిషన్ ఉడుకుతుంది, ఆ ఉడుకు పక్కనే ఉన్న బ్యాటరీని తినేస్తుంది. మందు ఒక్కటే, ఏడాదికి రెండుసార్లు మూత తీసి ఫ్యాను తుడిచి, అవసరమైతే థర్మల్ పేస్ట్ మార్చడం. ఇందాక చెప్పిన మూత స్క్రూల సంగతి ఇక్కడ అసలు ప్రాధాన్యం తెచ్చుకుంటుంది. సులువుగా తెరుచుకునే మిషన్‌ను జనం తుడిపిస్తారు. తెరిస్తే విరుగుతుందని భయపడే మిషన్‌ను ఆగిపోయేదాకా అలాగే వాడతారు.

కరెంటు విషయంలో లెక్క కొంచెం వేరు. గాలివానకు చెట్టు విరిగి లైను మీద పడితే అటవీ గ్రామాల్లో గంటల తరబడి సరఫరా ఉండదు. బ్రౌజరు, ఎక్సెల్ పనికి సగటున 10 వాట్లు తీసుకునే మిషన్ 45 వాట్-అవర్ బ్యాటరీతో నాలుగున్నర గంటలు నడుస్తుంది. టీ480లో లోపల 24 వాట్-అవర్ బ్యాటరీ స్థిరంగా ఉంటుంది, వెనుక ఊడదీసి మార్చుకునే బ్యాటరీ 72 వాట్-అవర్ దాకా వస్తుంది. రెండూ బాగుంటే 96, అంటే తొమ్మిది గంటలు పైనే. బయటిదాన్ని మిషన్ ఆపకుండానే మార్చవచ్చు. ఆ వెసులుబాటు దాని తర్వాతి టీ490లో తీసేశారు, మన అవసరం వైపు నుంచి చూస్తే అది వెనకడుగే. కొన్ని బిజినెస్ మోడళ్లకు వెయ్యి చార్జింగుల ఆయుష్షు, మూడేళ్ల వారంటీ ఉన్న లాంగ్ లైఫ్ బ్యాటరీ దొరుకుతుంది. మామూలు బ్యాటరీలు 300 నుంచి 500 చార్జింగుల్లోనే బలహీనపడతాయి, వాటికి వారంటీ ఒక్క ఏడాదే. చార్జింగ్‌ను 80 శాతం దగ్గర ఆపే సెట్టింగ్ ఇప్పుడు రెండు శ్రేణుల్లోనూ ఉంది. రోజంతా అడాప్టర్ పెట్టి ఉంచే మీసేవ కేంద్రంలో దాన్ని తప్పకుండా వాడాలి, ఎండాకాలంలో నిండా చార్జి అయిన బ్యాటరీ ఉబ్బడం మామూలు. గేమింగ్ ల్యాప్‌టాప్‌కు 150 నుంచి 230 వాట్ల అడాప్టర్ ఉంటుంది. ఆ బరువు ఇంటి ఇన్వర్టర్ మీద పడితే ఫ్యాన్లూ లైట్లూ ముందే కొండెక్కుతాయి.

ఈ వాదనకు మొదటి అభ్యంతరం ధర. కొత్త బిజినెస్ ల్యాప్‌టాప్ అదే ప్రాసెసర్ ఉన్న కన్స్యూమర్ మోడల్ కంటే చాలా ఎక్కువ ధర పలుకుతుంది, చిన్న సెంటరు నడిపేవాడు అంత పెట్టలేడు. నిజమే. అందుకే ఈ ప్రాంతంలో అసలు పోటీ కొత్త కన్స్యూమర్ మోడల్‌కూ, బాగుచేసి అమ్మే పాత బిజినెస్ మోడల్‌కూ మధ్య నడుస్తుంది. దుకాణాల్లో దీన్ని రీఫర్బిష్డ్ అంటారు, వాడుకలో సెకండ్ హ్యాండ్. కొత్తదాని ధరలో దాదాపు సగానికే నాలుగైదేళ్ల నాటి ఎలైట్‌బుక్ వస్తుంది. మిగిలిన డబ్బుతో కొత్త బ్యాటరీ, ఎస్ఎస్‌డీ వేయించుకుని కొంత దాచుకోవచ్చు. కొత్తదానికి ఏడాది వారంటీ ఉంది, పాతదానికి షాపువాడి మాట తప్ప ఏముంది అని అడగవచ్చు. ఆ ఏడాది వారంటీ తయారీ లోపాలకే గానీ విరిగిన హింజ్‌కో, ఒలికిన టీకో, పిడుగుపాటుకు కాలిన బోర్డుకో వర్తించదు. ఇక్కడ ఎక్కువగా జరిగేవి ఇవే. వీటిని కూడా కప్పే ప్రమాద రక్షణ పథకాన్ని విడిగా కొంటే కన్స్యూమర్ మోడల్ బలం పెరుగుతుంది. ఖమ్మం వంటి పట్టణంలో, సర్వీస్ సెంటరుకు అందుబాటులో ఉండేవారికి అది తెలివైన దారే.

రెండో అభ్యంతరం ఇంకా బలమైనది: పాత మిషన్లలో మోసాలు, అడ్డంకులు ఉన్నాయి. మైక్రోసాఫ్ట్ 2025 అక్టోబర్ 14తో విండోస్ 10కు మామూలు మద్దతు ఆపేసింది. విండోస్ 11కు టీపీఎం 2.0 అనే భద్రతా చిప్, ఇంటెల్‌లో దాదాపుగా ఎనిమిదో తరం, ఆ పై ప్రాసెసర్లు కావాలి. దాంతో మార్కెట్లో చవగ్గా గుట్టలు పడిన ఆరో, ఏడో తరం మిషన్లు (టీ470, ఎలైట్‌బుక్ 840 జీ3, ల్యాటిట్యూడ్ 7480 వంటివి) అధికారికంగా అర్హత కోల్పోయాయి. ఏదో ఒక అడ్డదారిలో విండోస్ 11 ఎక్కించి అమ్మేవాళ్లు ఉన్నారు. జనం ఆధార్ నంబర్లు, భూమి కాగితాలు, డబ్బు లావాదేవీలు నడిచే మిషన్‌కు ఆ దారి పనికిరాదు. ఎనిమిదో తరమే కింది హద్దు అనుకోవాలి: టీ480, ల్యాటిట్యూడ్ 5490, ఎలైట్‌బుక్ 840 జీ5, ఆ తర్వాతివి. బయోస్‌కు పాత కంపెనీ పాస్‌వర్డ్ ఉందేమో షాపులోనే బ్రాండ్‌ను బట్టి ఎఫ్1 గానీ ఎఫ్2 గానీ ఎఫ్10 గానీ నొక్కి చూడాలి. అది ఉంటే రేపు చిన్న మార్పుకు కూడా దారి ఉండదు. ఇంటర్నెట్‌కు కలిపి విండోస్ మొదటి నుంచి ఎక్కించినప్పుడు ఏదో కంపెనీ పేరుతో లాగిన్ అడిగితే అది ఇంకా ఆ కంపెనీ జాబితాలో ఉన్నట్టే, దాన్ని అక్కడే వదిలేయాలి. విండోస్ ఇచ్చే బ్యాటరీ రిపోర్టులో డిజైన్ కెపాసిటీ, ఫుల్ చార్జ్ కెపాసిటీ పక్కపక్కనే ఉంటాయి. రెండోది మొదటిదానిలో సగానికి తగ్గితే కొత్త బ్యాటరీ ధరను బేరంలో తగ్గించమనాలి. అడాప్టర్ మీద బీఐఎస్ గుర్తు, ఆర్ అక్షరంతో మొదలయ్యే రిజిస్ట్రేషన్ నంబరు చూడాలి. నకిలీ అడాప్టర్‌తో మదర్‌బోర్డు కాల్చుకోవడం అనవసరపు నష్టం. ఈ పరీక్షలన్నిటికీ అరగంట చాలు. ఆ అరగంట ఇవ్వని షాపులో కొనకూడదు.

మూడో అభ్యంతరాన్ని చాలావరకు ఒప్పుకోవాలి. బిజినెస్ అన్న పేరు ఉన్నంత మాత్రాన మిషన్ బాగుచేయదగ్గది కాదు. పలుచదనం మోజులో ఖరీదైన బిజినెస్ మోడళ్లు కూడా ర్యామ్‌ను బోర్డుకే సోల్డరు చేస్తున్నాయి, థింక్‌ప్యాడ్ ఎక్స్1 కార్బన్ దీనికి పాత ఉదాహరణ. అందులో ర్యామ్ పోతే బోర్డే పోయినట్టు. మరోవైపు లెనోవో లోక్, ఏసర్ నైట్రో, ఆసుస్ టఫ్ వంటి కన్స్యూమర్ గేమింగ్ మోడళ్లలో రెండు ర్యామ్ స్లాట్లు, రెండు ఎస్ఎస్‌డీ చోట్లు ఉండటం మామూలే. కాబట్టి శ్రేణి పేరు ఒక సూచన మాత్రమే. ఆ ప్రత్యేక మోడల్ మాన్యువల్ తెరిచి ర్యామ్, ఎస్ఎస్‌డీ, బ్యాటరీ, కీబోర్డు విడిగా మారతాయో లేదో చూడటమే తుది పరీక్ష. పోర్టులనూ అలాగే చూడాలి. డిజిటల్ సంతకం టోకెన్లు, వేలిముద్రల పరికరాలు పాత వెడల్పాటి యూఎస్‌బీకే వస్తాయి. సిగ్నల్ నిలకడగా లేనిచోట లాన్ కేబుల్ పోర్టు వరమే. ప్రకటనల్లో గొప్పగా చెప్పే ల్యాప్‌టాప్ ఫింగర్‌ప్రింట్ సెన్సరు ఆధార్ ధ్రువీకరణకు పనికిరాదన్న సంగతి చాలామందికి తెలియదు. దానికి ఆధార్ సంస్థ ఉడాయ్ అనుమతించిన రిజిస్టర్డ్ పరికరాన్ని విడిగా కొనాల్సిందే.

కన్స్యూమర్ శ్రేణే నెగ్గే చోట్లు ఇక్కడా ఉన్నాయి. కొత్తగూడెంలో మైనింగ్ చదివే విద్యార్థికి, సర్వే డ్రాయింగులు, త్రీడీ నమూనాలు చేసేవారికి విడి గ్రాఫిక్స్ కార్డు కావాలి. ఆ శక్తి ఉన్న బిజినెస్ వర్క్‌స్టేషన్ ధర అందుకోలేనిది, మధ్యరకం గేమింగ్ ల్యాప్‌టాప్ వాళ్లకు సరైన కొనుగోలు. పెళ్లి వీడియోలు ఎడిట్ చేసే స్టూడియోలదీ అదే దారి. రంగులు నిజంగా కనిపించే మంచి తెర పాత బిజినెస్ మోడళ్లలో అరుదు. వాటి బేస్ రకాల్లో వెలవెలబోయే తెరలు చాలా ఉన్నాయి, రోజంతా అక్షరాలు చూసేవారు కొనేముందు ఐపీఎస్ ప్యానెల్ ఉందో లేదో తప్పక అడగాలి. ఇంట్లో పిల్లల చదువుకు, సినిమాలకు, ఎప్పుడో ఒక దరఖాస్తుకు వాడే మిషన్‌కు కూడా ఈ వాదనంతా మోయాల్సిన పని లేదు.

సంస్థల కొనుగోలులో మాత్రం ఈ వాదనకు రెట్టింపు బలం ఉంది. ప్రభుత్వ కార్యాలయాలు 2016లో మొదలైన జెమ్ పోర్టల్ ద్వారా కొంటాయి, అక్కడ అతి తక్కువ ధర కోట్ చేసిన ఎల్1కే ఆర్డరు వెళ్తుంది. స్పెసిఫికేషన్‌లో ప్రాసెసర్, ర్యామ్, తెర సైజు మాత్రమే రాస్తే బలహీనమైన చట్రమే నెగ్గుతుంది, తప్పు టెండరు రాసినవారిది అవుతుంది. మూడేళ్ల ఆన్‌సైట్ వారంటీ, సరఫరా చేసే ప్రతి మండలం పేరు, బ్యాటరీకీ అదే వారంటీ, మార్చుకోదగ్గ ర్యామ్, సర్వీసు మాన్యువల్ లభ్యత అన్న షరతులు చేర్చడం ఎవరికీ పక్షపాతం కాదు. ఆశ్రమ పాఠశాలలన్నిటికీ ఒకే మోడల్ కొని, వాటిలో ఒకటి రెండు అదనంగా ఐటీడీఏ కార్యాలయంలో ఉంచితే విడిభాగాల సమస్య అక్కడికక్కడే తీరుతుంది. ఒక బడిలో తెర పోయిన మిషన్, మరో బడిలో బోర్డు పోయిన మిషన్ కలిపితే ఒక మంచి మిషన్ అవుతుంది. ఐదు బ్రాండ్ల ఐదు మోడళ్లతో అది కుదరదు. విండోస్ 11కు అర్హత లేని పాత మిషన్లను కూడా పారేయనక్కర్లేదు. బయోమెట్రిక్ పని లేని కంప్యూటర్ ల్యాబుకు లినక్స్ వేస్తే ఏళ్లపాటు భద్రతా అప్‌డేట్లతో నడుస్తాయి, తెలుగులో రాయడానికి ఇన్‌స్క్రిప్ట్ కీబోర్డు అందులో ముందే ఉంటుంది.

కొనేవారికి ఉపయోగపడే పన్ను, చట్టం సంగతులు కొన్ని ఉన్నాయి. ల్యాప్‌టాప్ మీద జీఎస్‌టీ 18 శాతం. రిజిస్ట్రేషన్ ఉన్న వ్యాపారి బిల్లు మీద తన జీఎస్‌టీ నంబరు వేయించుకుంటే ఆ పన్నును మినహాయించుకోవచ్చు. సెకండ్ హ్యాండ్ వస్తువులకు ఉన్న మార్జిన్ పద్ధతిలో అమ్మే వ్యాపారి దగ్గర కొంటే ఆ లాభం రాదు, ధరలు పోల్చేటప్పుడు దీన్ని లెక్కలోకి తీసుకోవాలి. 2019 వినియోగదారుల రక్షణ చట్టం ప్రకారం వాణిజ్యానికి కొన్నవారు వినియోగదారులు కారు. అయితే స్వయం ఉపాధితో జీవనోపాధి కోసమే కొని తానే వాడుకునే వ్యక్తికి ఆ చట్టమే మినహాయింపు ఇచ్చింది. సొంతంగా మీసేవ కేంద్రం నడుపుకునేవారు, ఒంటరిగా డీటీపీ చేసుకునేవారు బిజినెస్ మోడల్ కొన్నా ఈ మినహాయింపు కింద వినియోగదారులే, కంపెనీ సర్వీసు ఎగ్గొడితే ఫిర్యాదు చేయవచ్చు. పాత చట్టంలో కంపెనీ ఉన్నచోటో, కొన్నచోటో కేసు వేయాల్సి వచ్చేది. కొత్త చట్టం కింద ఫిర్యాదుదారు నివసించే జిల్లాలోని కమిషన్‌లోనే వేయవచ్చు, ఆన్‌లైన్‌లో కూడా పంపవచ్చు. సికింద్రాబాద్‌లో కొన్న మిషన్ గురించి చర్లలో ఉండే మనిషి మళ్లీ హైదరాబాద్ వెళ్లనక్కర్లేదు. కావాల్సినవి సీరియల్ నంబరు రాసిన బిల్లు, వారంటీ షరతుల కాపీ, మిషన్ అప్పగించిన ప్రతిసారీ తేదీతో తీసుకున్న జాబ్ షీటు. నోటి మాట మీద చిట్టీ ముక్కతో అమ్మే చోట ఈ మూడింట్లో మొదటిదే ఉండదు.